తూము పక్క కణాలు

ఆ ఇంట్లో ఎవరికి ఏ వస్తువు కనబడకపోయినా ముందు కోడలిని పిలిచేవారు, ఆ తరవాత వెతికేవారు. కళ్ళజోడు, తాళంచెవి, కరెంటు మనిషి వచ్చి వెళ్ళాడా లేదా అన్న సంగతి, ఏదైనా సరే వీధి తలుపు దగ్గర మొదలై, ముందు గదిలో ఇళ్ళ ప్లాన్లు గీసుకునే ఆమె భర్తను దాటి, హాల్లో సోఫాకు అతుక్కుపోయిన మరిదిని దాటి, చివరికి వంటింటి వెనక అంట్లు తోమే తూము దగ్గరికి వచ్చి ఆగేది. అక్కడ కోడలుండేది. పెళ్ళయిన కొత్తలో ఎవరో ఒకరు నిలబడాలి కదా అని నిలబడింది. పిల్లలు పెద్దవాళ్ళై హాస్టళ్ళకు వెళ్ళిపోయినా ఆ చోటు మాత్రం ఆమెదే అయిపోయింది.

అత్తగారు ఒకప్పుడు వీధి మొత్తానికి చొక్కాలు కుట్టిన మనిషి. గుండె లయ తప్పి, రక్తపు గడ్డ ఒకటి తలకెక్కి, ఎడమ చెయ్యి సరిగ్గా ఆడకుండా పోయింది. అది చాలదన్నట్టు ఫిట్స్ మొదలయ్యాయి. అప్పటినుంచీ రెండు మాత్రలు ఆమె ప్రాణానికి కాపలా. రక్తాన్ని పల్చన చేసేది ఒకటి, ఫిట్స్ రాకుండా ఆపేది ఒకటి. మొదటిదాన్ని ఆమె పల్చన మాత్ర అనేది. రెండోదాన్ని నిద్రమొహం మాత్ర అనేది, ఎందుకంటే అది వేసుకున్న రోజల్లా తల వాలిపోతూనే ఉండేది. మాత్రలు డబ్బాలో సర్దడం, మింగేదాకా ఎదురుగా నిలబడడం, రక్తపరీక్షకు తీసుకెళ్ళడం కోడలి పని. ఆ పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. ఆమె చేతిలోంచి ఎవరూ తీసుకోనూ లేదు.

కాలేజీలో చదివిన జంతుశాస్త్రం ఇన్నేళ్ళకు అక్కరకొచ్చింది. వైద్య కళాశాల పరిశోధన విభాగంలో స్లైడ్ల గదికి మనిషి కావాలంటే, ఇంట్లో చెప్పకుండా వెళ్ళి చేతి నిదానం చూపించి వచ్చింది. పొద్దుటి పూట పని. కొన్నాళ్ళు చూస్తారు, నచ్చితే ఖాయం చేస్తారు.

భర్త కాదనలేదు. గీస్తున్న ప్లాను మీద నుంచి తల ఎత్తకుండా, "వెళ్ళు. నేను ఇంట్లోనే ఉంటాగా, అమ్మ మాత్రలు నేనిస్తా" అన్నాడు. "కానీ ఒక్క మాట. అమ్మకి చిన్న తేడా వచ్చినా ఆ రోజుతో నీ ఉద్యోగం ఆఖరు. తరవాత నన్ననకు."

"తేడా రాకుండా చూసేది మీరు. వస్తే మానాల్సింది నేను. అంతేగా?"

"మాటకు మాట అంటించకు."

ఆమె అంటించలేదు. మర్నాటినుంచి పనికి వెళ్ళింది.

స్లైడ్ల గదికి కిటికీ లేదు. ఏసీ చప్పుడు, మైనం వాసన, వరసగా గాజు పలకలు. కిటికీ లేని ఆ గదిలోనే ఆమెకు ఊపిరాడేది. ఎలుకల కాలేయాన్ని మైనంలో బిగించి, పొరకన్నా పల్చగా కోసి, రిబ్బన్‌లా వచ్చిన దాన్ని గోరువెచ్చని నీళ్ళమీద తేలవేసి, గాజు పలకతో పట్టుకోవాలి. తరవాత మందులు వేసి కడిగితే, ఎంజైమ్ ఉన్నచోట మాత్రమే గోధుమరంగు తేలుతుంది. ఈ పనిలో తొందర పనికిరాదు. ఆమెను అక్కడ ఎవరూ మధ్యలో పిలిచేవారు కాదు.

ఆ గదికి పెద్దావిడ ఒకామె ఉంది. నవ్వడం తక్కువ, చెప్పడం బాగా చెబుతుంది. మొదటి వారంలోనే కోడలిని మైక్రోస్కోపు ముందు కూచోబెట్టి, "ఏం కనిపిస్తోంది?" అని అడిగింది.

"అచ్చువేసిన గుడ్డలా ఉందండీ. ప్రతి గడి మధ్యలో గోధుమరంగు మచ్చ, అంచులు తెల్లగా."

"ఆ మధ్యలో ఉన్న బెజ్జం తూము అనుకోండి. రక్తం బయటికి పోయేది దాంట్లోంచి. అంచుల్లో ఉన్నవి గుమ్మాలు. రక్తం వచ్చేది అటునుంచి. గుమ్మం దగ్గర్నుంచి తూము దాకా కణాలు వరసగా నిలబడి ఉంటాయి. అన్నీ కాలేయ కణాలే. మందుల్ని విరిచి బయటికి పంపే ఎంజైమ్ మాత్రం తూము పక్కవాటిలోనే ఎక్కువ." పెద్దావిడ స్లైడు మార్చింది. "ఈ ఎలుకకి కొన్నాళ్ళు మందిచ్చారు. మచ్చ ఎంత ముదిరిందో చూడండి. మందు వస్తోందని తెలియగానే అవే ఇంకా ఇంకా ఎంజైమ్ తయారుచేసుకుంటాయి. గుమ్మం పక్కవి పెద్దగా కదలవు."

"ముందు మందు చేరేది గుమ్మం పక్కవాటికే కదండీ?"

"చేరుతుంది. పక్కనుంచే పోతుంది. అవి పట్టించుకోవు."

"ఎందుకని?"

"అదే కదా మా పరిశోధన. నిలబడిన చోటును బట్టి అనుకుంటున్నాం."

కోడలికి నవ్వొచ్చింది. పెద్దావిడ ఏమిటన్నట్టు చూసింది.

"ఏం లేదండీ. మా ఇల్లు గుర్తొచ్చింది."

మూడో స్లైడులో మచ్చ వెలిసిపోయి ఉంది. మందిచ్చి, ఆపేసిన ఎలుకది. పని ఆగిపోతే కొన్ని వారాల్లో ఆ ఎంజైమ్ అంతా కరిగిపోతుందని పెద్దావిడ చెప్పింది. ఆ మందు ఏమిటని కోడలు అడిగి తెలుసుకుంది. అత్తగారి నిద్రమొహం మాత్రే.

ఆ మధ్యాహ్నం అత్తగారికి తల దువ్వుతూ ఇదంతా చెప్పింది. అత్తగారు కళ్ళు మూసుకునే విన్నది.

"అంటే నా కడుపులో కూడా ఒక కోడలుందన్నమాట."

"వేలమంది ఉన్నారత్తయ్యా."

"అయ్యో పాపం. నేనొక మాత్ర మింగితే, గుమ్మం దగ్గరున్న వెధవలంతా పక్కకి తప్పుకుని, అదిగో వెనకాల ఆవిడుంది, అడుగు పో అంటారు కాబోలు. ఆవిడ చేతులు పెంచుకుంటూ కూచుంటుంది."

"పెంచుకున్న చేతులు ఊరుకోవత్తయ్యా. ఆ చేతులతోనే మీ పల్చన..."

"ఏమోయ్! నా స్టీలు స్కేలు ఎక్కడ పెట్టావ్?" ముందు గదిలోంచి భర్త కేక.

ఆమె దువ్వెన వదిలి వెళ్ళింది. స్కేలు అతని మోచేతి కిందే ఉంది. తిరిగి వచ్చేసరికి అత్తగారు గురకపెడుతోంది. చెప్పాల్సిన రెండో సగం కోడలి నోట్లోనే ఉండిపోయింది.

తరవాత ఒక పొద్దున భర్త జిరాక్సు తీయించుకోవడానికి బయటికెళ్ళాడు. అదే సమయానికి నీళ్ళ క్యాన్ల మనిషి తలుపు దబదబా బాదాడు. కునుకులో ఉన్న అత్తగారు ఉలిక్కిపడి లేచి, కుర్చీకాలు తట్టుకుని మోకాళ్ళ మీద పడింది. దెబ్బేమీ తగల్లేదు. కానీ సాయంత్రం భర్త అందరూ వినేలా అన్నాడు.

"ఈసారికి పోనీ. ఇంకొక్కసారి ఇలా పడిందంటే నువ్వు ఇల్లు కదలక్కర్లేదు."

"నేను పడితే దాన్నెందుకురా కట్టేస్తావు?" అంది అత్తగారు.

"నీకు పగలంతా మత్తేనమ్మా. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలిగా."

మరిది టీవీ చప్పుడు తగ్గించి, "అందుకే నేను వృద్ధుల హోమ్ అన్నాను. అక్కడ నర్సులుంటారు" అన్నాడు. మళ్ళీ చప్పుడు పెంచుకున్నాడు.

ఆ తరవాత అత్తగారిలో చిత్రమైన మార్పు వచ్చింది. పొద్దున్నే చురుగ్గా ఉండేది. తలుపు చప్పుడైతే మొదటి దెబ్బకే "ఎవరూ?" అనేది. కుడిచేత్తో సూదిలో దారం ఎక్కించి, కొడుకుల చొక్కాలకు ఊడిన గుండీలు కుట్టేది. అందరూ సంతోషించారు. "చూశావా, నా చేత్తో మాత్రలిస్తే అమ్మ ఎలా తేరుకుందో" అన్నాడు భర్త. కోడలు కూడా సంతోషించింది. స్లైడ్ల గదిలో ఆమె కోసిన రిబ్బన్లు ఒక్కటీ ముడతపడడం లేదని పెద్దావిడ పైవాళ్ళకు చెప్పిందట. నెలాఖరుకు ఉద్యోగం ఖాయం చేస్తారన్నారు.

ఒక పొద్దున అత్తగారి మొహం కడిగిస్తూ నైటీ చెయ్యి పైకి మడిచింది. మోచేతి కింద, సిరా బుడ్డి ఒలికినట్టు, నల్లటి కమిలిక.

"ఇదేంటత్తయ్యా?"

"తలుపు తగిలిందిలే."

అత్తగారు పుక్కిలించి ఉమ్మింది. బేసిన్లో నీళ్ళు ఎర్రగా జారి తూములోకి పోయాయి. కోడలి చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. ఆ మూడో స్లైడు, వెలిసిపోయిన మచ్చ, కళ్ళముందు నిలబడింది.

"నిద్రమొహం మాత్ర వేసుకుంటున్నారా?"

అత్తగారు తుడుచుకున్న మూతినే మళ్ళీ తుడుచుకుంది. "గుండీల డబ్బా తియ్యి" అంది.

రేకు డబ్బా నిండా తెల్ల చొక్కా గుండీలు. వాటి మధ్య అదే సైజులో, అదే తెలుపులో, బెజ్జాల్లేని గుండీలు కొన్ని. వేలితో కదిపితే కొన్ని కాదు, చాలా ఉన్నాయి.

"వాడు రెండు మాత్రలూ అరచేతిలో పోసి కంప్యూటరు వైపు తిరుగుతాడు. నేను మింగానో లేదో వాడికేం పట్టింది" అంది అత్తగారు. "నేను కునుకు తీస్తే నిన్ను ఆపేస్తానన్నాడుగా. అందుకని మానేశా. పల్చన మాత్ర మాత్రం ఒక్కపూట తప్పలేదు, నీ మీదొట్టు."

"అదేనత్తయ్యా ప్రమాదం." కోడలు నేలమీద కూలబడింది. ఆ రోజు నోట్లో ఉండిపోయిన సగం ఇప్పుడు చెప్పింది. నిద్రమొహం మాత్ర వల్ల కాలేయంలో పెరిగిన చేతులే పల్చన మాత్రనూ విరిచేసేవి. అందుకే డాక్టరు దాన్ని ఎక్కువ మోతాదులో రాశాడు. ఇప్పుడు నిద్రమొహం మాత్ర లేదు, ఆ చేతులు తగ్గిపోయాయి. మోతాదు మాత్రం తగ్గలేదు. ఇన్ని వారాలుగా పల్చన మాత్ర ఒంట్లో పేరుకుపోతోంది. ఫిట్స్ రాకపోవడం ఒక్కటే అదృష్టం.

అత్తగారు అంతా విని, "నా లోపలి కోడలు కూడా పని మానేసిందన్నమాట" అంది. కానీ గొంతులో నవ్వు లేదు. కోడలి చెయ్యి పట్టుకుంది. "ఆసుపత్రికి పోదాం. కానీ వీళ్ళకి చెప్పకే. మాత్రలు దాచే మనిషినని తెలిస్తే మూటగట్టి ఆ హోములో పడేస్తారు. పూటపూటకీ నోరు తెరు, నాలుక ఎత్తు అంటారు. పసిపిల్లని చేస్తారు నన్ను."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చెబితే ఈ మనిషికి మిగిలిన కాస్త స్వతంత్రం పోతుంది. చెప్పకపోతే తన ఉద్యోగం పోతుంది. ఆలోచించే వ్యవధి లేదు. నోట్లో రక్తం వస్తోందని విని భర్త ఆటో కోసం బయటికి వెళ్ళగానే, డబ్బాలోంచి మాత్రలన్నీ ఏరి వెనక తూములో పోసి నీళ్ళు కుమ్మరించింది.

ఆసుపత్రిలో డాక్టరు రక్తపరీక్ష చూసి మొహం ముడిచాడు. "కొత్తగా ఏ మాత్రయినా మొదలుపెట్టారా? ఏదైనా మానేశారా?"

కొడుకులిద్దరూ లేదన్నారు. కానీ డాక్టరు దగ్గర అది దాచే విషయం కాదు.

"ఫిట్స్ మాత్ర ఆగిపోయిందండీ. కొన్ని వారాలుగా" అంది కోడలు.

ఎవరివల్ల ఆగిందని డాక్టరు అడగలేదు. ఇంజక్షన్ రాశాడు, పల్చన మాత్ర ఆపించాడు, మంచం ఇప్పించాడు. అడగవలసినవాళ్ళు వరండాలో అడిగారు.

"స్లైడ్లు చూసే కళ్ళకి ఇంట్లో మాత్రలు ఆనలేదా వదినా?" అన్నాడు మరిది.

భర్త గట్టిగా ఏమీ అనలేదు. "డబ్బాలో నువ్వు సర్దిందే నేనిచ్చాను" అని మాత్రం అన్నాడు, గోడవైపు చూస్తూ.

ఆమె అత్తగారి మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

మూడో పూటకు అత్తగారి నోట్లో రక్తం ఆగింది. మరిది మళ్ళీ ఏదో అనబోతుంటే ఆవిడే మంచం మీంచి చెయ్యెత్తింది. తను దాచిపెట్టమన్న మాటను తనే విప్పింది.

"ఒరేయ్ పెద్దాడా, అది సర్దింది, నువ్విచ్చావు, నేనే మింగలేదు. గుండీల డబ్బాలో వేశాను. పోయి చూసుకోండి."

మరిది ఇంటికి వెళ్ళి డబ్బా తెచ్చి మంచం మీద బోర్లించాడు. గలగలమని గుండీలు. అన్నిటికీ బెజ్జాలున్నాయి.

"అత్తాకోడళ్ళు ఇలా ఉండాలి. అబద్ధం కూడా పంచుకుని ఆడుతున్నారు" అని నవ్వాడు మరిది.

"ఆవిణ్ణి వెనకేసుకురాకమ్మా" అన్నాడు భర్త. అయితే తమ్ముడిలా నవ్వలేదు. గుండీలను ఒక్కొక్కటే తిరిగి డబ్బాలో వేస్తూ ఉన్నాడు, చివరి గుండీ దాకా.

అత్తగారు కోడలివైపు చూసింది. మాత్రలేవీ అన్న ప్రశ్న ఆ చూపులోనే ఉంది, జవాబు కూడా అందులోనే దొరికినట్టుంది. ఆవిడ కళ్ళు మూసుకుంది. నిజం చెప్పినా చెల్లలేదు. చెల్లకుండా చేసింది కోడలే.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు అందరినీ నిలబెట్టి చెప్పాడు. ఫిట్స్ మాత్ర మళ్ళీ మొదలైంది, కాలేయం మళ్ళీ అలవాటు పడాలి, అందాకా పల్చన మాత్ర మోతాదు మారుతూ ఉంటుంది, తరచు రక్తపరీక్ష చెయ్యాలి. "మాత్రల సంగతి ఎవరో ఒకరు బాధ్యతగా చూసుకోవాలి. ఎవరు?"

మరిది అన్నవైపు చూశాడు. అన్న భార్యవైపు చూశాడు. పల్లానికి నీళ్ళు పారినట్టు అందరి చూపులూ వచ్చి ఆమె దగ్గర ఆగాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర భర్త మెల్లగానే చెప్పాడు. "రేపు వెళ్ళి మానేస్తున్నానని చెప్పేసి రా. ఫోన్లో చెబితే మర్యాదగా ఉండదు. ఆ ఒక్క పూటా నేను చూసుకుంటాలే."

అత్తగారు మజ్జిగ గ్లాసు దించింది. "ఆ ఒక్క పూటే నేర్చుకోరా. నీకు ఇన్నేళ్ళుగా మోతాదు చాల్లేదు."

"ఏం మోతాదమ్మా?"

"నీకర్థం కాదులే. తిను."

మర్నాడు స్లైడ్ల గదిలోకి వెళ్ళేసరికి కోడలి నోట్లో ఆ వాక్యం సిద్ధంగా ఉంది. పెద్దావిడ ఆమెకు నోరు తెరిచే వీలివ్వలేదు. "మంచి సమయానికి వచ్చారు, ఇది చూడండి" అని కుర్చీలోకి తోసింది.

అందరికన్నా ఎక్కువ మోతాదు మందిచ్చిన ఎలుకది ఆ స్లైడు. తూము చుట్టూ మచ్చ కాఫీ డికాక్షన్‌లా ముదిరి ఉంది. అక్కడితో ఆగలేదు. పల్చబడుతూ అంచుల దాకా పాకింది. గుమ్మం పక్కనున్న ఒకటి రెండు కణాల్లో, ఉందా లేదా అన్నట్టు, లేత గోధుమరంగు.

"ఇవి కూడా నేర్చుకుంటాయాండీ?"

"మోతాదు పెరిగితే మచ్చ అంచులవైపు జరుగుతుంది. కానీ మరీ గుమ్మం దాకానా అన్నది చెప్పలేం. సరిగ్గా కడక్కపోయినా ఇలాగే కనిపిస్తుంది. ఉత్త మరక కావచ్చు. అదే మైనపు ముక్కలోంచి ఇంకో పొర కోసి, ఈసారి బాగా కడిగి చెయ్యండి. అప్పుడు నమ్ముదాం." వెళ్ళబోతూ ఆగింది. "ఏదో చెప్పాలన్నట్టు వచ్చారు?"

"ఇది అయ్యాక చెబుతానండీ."

పొర కోసింది. నీళ్ళమీద తేలింది, ముడత లేదు. పలకమీదికి ఎక్కించింది. కడిగింది, మందు వేసింది, మళ్ళీ మళ్ళీ కడిగింది. చివరికి రంగు చుక్కలు వేసి లెన్సు కింద పెట్టింది. ఇక ఇక్కడ కన్ను తిప్పకూడదు. రంగు తేలుతుండగానే చూసి, సరిగ్గా ఉన్నప్పుడు నీళ్ళలో ముంచెయ్యాలి. ఏమరిస్తే పలక అంతా ఒకటే మరక.

సంచిలో ఫోను మోగింది.

ఇంటినుంచే. ఇంకెవరు చేస్తారు. పడిపోయిందేమో. నోట్లోంచి మళ్ళీ రక్తమేమో. మాత్రలు తారుమారయ్యాయేమో. రెండు చేతులకూ తొడుగులు, వేళ్ళ మధ్య గాజు పలక. తూము చుట్టూ గోధుమరంగు అప్పుడే పొడుస్తోంది. ఫోను మోగుతూనే ఉంది. ఆమె భుజాలు బిగుసుకుపోయాయి, మెడ తలుపువైపు లాగుతోంది. కానీ చేతులు కదల్లేదు.

మోగి మోగి అదే ఆగింది. మళ్ళీ మోగలేదు. అది ఇంకా భయంగా ఉంది.

రంగు సరిపోయిందనిపించాక పలకను నీళ్ళలో ముంచింది. తొడుగులు పీకేసి ఫోను తీసింది. భర్త దగ్గర్నుంచి మెసేజి.

"ఏం లేదు, కంగారుపడకు. అమ్మ మాత్రలు రెండూ మింగింది. నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూశాను. మాత్రల డబ్బా ఎక్కడ పెట్టాలి?"

కోడలు ఆ మెసేజిని మళ్ళీ చదివింది. అయితే అతను గుండీల మాట నమ్మాడు. ఎప్పుడు నమ్మాడో, ఆ డబ్బాలో చివరి గుండీ వేస్తున్నప్పుడో ఏమో. నమ్మాడు కాబట్టే కంప్యూటరు వదిలి లేచాడు. తల్లి ముందు నిలబడ్డాడు. వీధి మొత్తానికి చొక్కాలు కుట్టిన మనిషి కొడుకు ముందు నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించింది. ఆవిడ ఏది జరగకూడదని కోరిందో అదే జరిగింది. అది జరిగితే తప్ప తనకు ఈ గదిలో ఇంకో రోజు లేదు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "తీసినచోటే" అని జవాబు పెట్టి, ఫోను సంచిలో అడుక్కి తోసింది.

పెద్దావిడ తలుపు దగ్గర నుంచి అడిగింది. "అయిందా? ఇందాక ఏదో చెబుతానన్నారు."

"ఉండండి" అంది కోడలు. పలకను నీళ్ళలోంచి తీసి, అంచులు తుడిచి, లెన్సు కింద పెట్టింది. "ముందు గుమ్మం పక్క చూడనివ్వండి."